ఎక్కువ సరుకు దిగే ఓడరేవే బాగా పనిచేస్తున్నట్టా?

కాదు, ఏడాదికి ఎన్ని టన్నులు ఎత్తిదించారన్నది రేవు ఎంత పెద్దదో చెబుతుందే తప్ప ఎంత బాగా పనిచేస్తోందో చెప్పదు, పనితీరుకి అసలు కొలత సమయం. ఓడ ఊరికే నిలబడిన ప్రతి గంటకీ అద్దె, ఇంధనం, సిబ్బంది జీతాలు పడుతూనే ఉంటాయి, ఆ భారం చివరికి సరుకు ధర మీదకే వస్తుంది. అందుకే బెర్తు, అంటే సరుకు ఎత్తిదించడానికి ఓడ ఆగే చోటు, దొరికేదాకా ఓడ లంగరేసుకుని ఎంతసేపు ఆగింది, బెర్తులోకొచ్చాక ఒక్కో క్రేన్ గంటకి ఎన్ని కంటైనర్లు ఎత్తిదించింది, రేవుకొచ్చిన దగ్గర్నుంచి తిరిగి బయల్దేరేదాకా మొత్తం ఎంత పట్టింది అని చూస్తారు. ఈ చివరిదాన్నే టర్న్‌అరౌండ్ టైమ్ అంటారు.

విశాఖనే తీసుకోండి. 2023-24లో టన్నుల లెక్కన దేశంలోని మేజర్ పోర్టుల్లో, అంటే కేంద్రం ఆధీనంలోని పెద్ద రేవుల్లో, మొదటిది విశాఖ కాదు, ఒడిశాలోని పారాదీప్. కానీ ప్రపంచ బ్యాంకు 2023 కంటైనర్ పోర్టుల సూచీలో విశాఖ 19వ స్థానంలో నిలిచింది, అంతకుముందు ఏడాది 115వ స్థానం! ఒక్కో క్రేన్ గంటకి 27.5 కంటైనర్ కదలికలు (ఎత్తడం లేదా దించడం), టర్న్‌అరౌండ్ 21.4 గంటలు, ఇవీ ఆ ర్యాంకు వెనకున్న అంకెలు.

అయితే ర్యాంకు బాగుంటే మన సరుకు కూడా చకచకా బయటపడుతుందని చాలామంది అనుకుంటారు, అది నిజం కాదు. ఆ సూచీ చూసేది ఓడ గడిపిన సమయాన్ని మాత్రమే. గేటు దగ్గర లారీ ఎంతసేపు క్యూలో ఉంది, కస్టమ్స్ క్లియరెన్స్ ఎప్పుడొచ్చింది, కంటైనర్ యార్డులో ఎన్ని రోజులు పడి ఉంది అన్నవి అందులో కనిపించవు. గుంటూరు నుంచి మిర్చి ఎగుమతి చేసే వ్యాపారికి మాత్రం ఇవే ముఖ్యం, కాబట్టి ఆయన ర్యాంకుతో పాటు యార్డులో కంటైనర్ సగటున ఎన్నాళ్లుంటోందో, అంటే డ్వెల్ టైమ్ ఎంతో కూడా అడగాలి.