రేడియేషన్ తర్వాత నోరెండిపోవడం అంత పెద్ద సమస్యా?

అవును, పెద్దదే. ఆరోగ్యంగా ఉన్నవారికి రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. నోటి క్యాన్సర్‌కు ఇచ్చే రేడియేషన్ ఆ లాలాజలాన్ని ఊరించే గ్రంథులను కూడా దెబ్బతీస్తుంది. ఇక అన్నం ముద్ద గొంతు దిగదు, ముద్దముద్దకూ ఓ గుక్క నీళ్లు కావాలి. ఆవకాయ తగిలితే నాలుక భగ్గుమంటుంది. మాట్లాడుతుంటే నాలుక అంగిలికి అతుక్కుపోతుంది. అందుకే కొందరు పెళ్లి భోజనాలకు వెళ్లడమే మానేస్తారు. ఇంట్లోవాళ్లు దీన్ని అలక అనుకోకూడదు, అది నిజమైన బాధ. రాత్రి నీళ్ల కోసం లేచిలేచి నిద్ర చెడుతుంది. పళ్లు త్వరగా పుచ్చిపోతాయి కాబట్టి ఫ్లోరైడ్ పేస్టు, డెంటిస్టు చెకప్ తప్పనిసరి. డిప్రెషన్, అలర్జీ మందులు కొన్నింటి వల్ల కూడా నోరెండుతుంది. అలాగని వాటిని సొంతంగా ఆపేయకండి, డాక్టర్‌కు చెప్పండి.