వంగిన నడుము గురించి రాసేటప్పుడు

చిరంజీవి తమ్ముడికి,

డచ్ చిత్రకారుడు వాన్ గో గీసిన రైతుకూలీల బొమ్మల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఇష్టంతో రాశావు, తెలుస్తూనే ఉంది. కానీ ‘దయనీయం’, ‘దుర్భరం’ అన్న మాటలు ప్రతి పేజీలోనూ ఉన్నాయి. అవి కొట్టేసి చూసుకో, బొమ్మలో ఏముందో నువ్వింకా చెప్పనే లేదు.

1885 వేసవిలో న్యూనెన్ ఊళ్లో నల్ల చాక్‌తో గీసిన, పరిగె ఏరుకునే ఆవిడనే తీసుకో. వెనక నుంచి కనిపిస్తుంది, ముఖం కనబడదు. నడుము దగ్గర మనిషి రెండుగా మడతపడింది. బొమ్మలో ఎక్కువ చోటు ఆవిడ లంగాదే. చెయ్యి నేల మీదికి చాచి ఉంది. ఎంతసేపటి నుంచి అలా వంగి ఉందో ఆ నడుమే చెబుతుంది. నువ్వు రాయాల్సింది ఆ నడుము గురించి. తవ్వేవాడు తవ్వుతున్నట్టే ఉండాలని వాన్ గో ఆ వేసవిలోనే తన తమ్ముడు థియోకి గట్టిగా రాశాడు. ఒంటి కొలతలన్నీ సరిపోయినా పని కనిపించని బొమ్మ ఆయనకు అక్కర్లేదు.

ఇక నీ వ్యాసంలో పొలం ఉంది, ఊరు లేదు. న్యూనెన్ నెదర్లాండ్స్‌లోని బ్రబాంట్‌లో ఉంది, ఇసుక నేలల ప్రాంతం. పొలం పనివాళ్లతో పాటు ఇళ్లలో మగ్గం నేసేవాళ్లూ ఉండేవారు. అమెరికా ధాన్యం చవగ్గా దిగుమతై యూరప్‌లో పంటల ధరలు పడిపోయిన రోజులవి.

ఊళ్లో ఎక్కువమంది కాథలిక్కులు, వాన్ గో తండ్రేమో ప్రొటెస్టెంట్ పాస్టర్. వాన్ గో డబ్బిచ్చి ఊరివాళ్లను బొమ్మలకు కూర్చోబెట్టుకునేవాడు. అలా కూర్చున్న ఒకమ్మాయి గర్భవతైతే నింద ఈయన మీద పడింది. తనకు సంబంధం లేదన్నాడు. కాథలిక్ ఫాదర్ మాత్రం, బొమ్మలకు కూర్చోకపోతే నేనే డబ్బిస్తానని జనానికి ఆశపెట్టాడట. మీ దగ్గర చెయ్యి చాచడం కన్నా ఆయన దగ్గర సంపాదించుకోవడమే మాకు నయం అని వాళ్లు ముఖం మీదే చెప్పారని వాన్ గో ఉత్తరంలో రాసుకున్నాడు. అలా జవాబు చెప్పగలిగినవాళ్లని ‘దయనీయం’ అని ఎలా రాస్తాం చెప్పు?

ఇంకొకటి, పనిముట్ల పేర్లు చూసుకో. పార ఉన్నచోట పలుగు అని రాశావు. పొలం పని తెలిసినవాళ్లు అక్కడే చదవడం ఆపేస్తారు.

మొదటి రెండు పేజీలూ తీసేసి, ఫాదర్ గొడవ చేర్చి, సంక్రాంతిలోపు మళ్లీ పంపు. ఈసారి నాకు కాదు, నేరుగా పత్రికకే.

ఆశీస్సులతో,
అన్నయ్య