ముందు టైరు మచ్చలు మచ్చలుగా అరుగుతోందా? అలైన్‌మెంట్ కంటే ముందు షాకులు చూడండి

మీరు అడిగింది: గంగవరం పోర్టు నుంచి బొగ్గు తోలే పది టైర్ల బండి, ముందు ఎడమ టైరు మచ్చలు మచ్చలుగా అరుగుతోంది, రెండుసార్లు అలైన్‌మెంట్ చేయించినా ఆగలేదు, ఎడమ షాక్ అబ్జార్బర్ మీద నూనె తడి ఉంది, అదొక్కటి మారిస్తే సరిపోతుందా అని.

సరిపోదండి, జత మార్చాలి. అయితే ముందు టైరు మీద అరచెయ్యి పెట్టి చూడండి. అడ్డంగా రాస్తే ఒకవైపు నున్నగా, వెనక్కి రాస్తే రంపపు పళ్లలా తగిలితే టో (ముందు చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తేడా. అది అలైన్‌మెంట్ పని. టైరు చుట్టూ రాస్తున్నప్పుడు గుంట, మిట్ట, మళ్లీ గుంట తగిలితే చక్రం రోడ్డుకి ఆనకుండా గెంతుతోందన్నమాట. మీది ఇదే. దీనికి ఎన్ని అలైన్‌మెంట్లు చేయించినా డబ్బు దండగే.

గెంతడానికి చక్రం బేరింగు, కింగ్ పిన్ (ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు చివరి పిన్ను) కూడా కారణం కావచ్చు. వెనక చక్రాలకు అడ్డు వేసి, ముందు ఇరుసు లేపి స్టాండ్ల మీద నిలపండి. జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందికి దూరొద్దు. టైరును పైనా కిందా పట్టి ఊపితే లొడుకు ఉంటే, ఒకరిని బ్రేకు తొక్కమనండి. లొడుకు పోతే బేరింగు, పోకపోతే కింగ్ పిన్.

ఇక నూనె. షాక్‌లో రాడ్ లోపలికీ బయటికీ ఆడే చోట నూనె ఆపే సీలు దగ్గర పల్చటి తడి మామూలే, రాడ్‌కి ఆ మాత్రం నూనె కావాలి. షాక్ ఒళ్లంతా కిందికి జారితే మాత్రం అది పోయినట్టే. బొగ్గు బండికి ఇది తేల్చుకోవడం తేలిక. గుడ్డతో శుభ్రంగా తుడిచి రెండు ట్రిప్పులు తిప్పండి. కారే షాక్ మీద బొగ్గు పొడి నల్లటి ముద్దలా అంటుకుంటుంది, బాగున్నదాని మీద దులిపితే రాలిపోతుంది. పొడిగా ఉంది కదా అని కుడిదాన్ని నమ్మకండి, నూనె ఎప్పుడో కారిపోయి ఉండొచ్చు. గతుకుల రోడ్డు మీద 20 నిమిషాలు నడిపి ఆపగానే రెండింటి దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. పనిచేసే షాక్ ఊపుని వేడిగా మారుస్తుంది కాబట్టి కాస్త కాలుతుంది. చల్లగా ఉన్నది చచ్చిందే.

చాలామంది డ్రైవర్లు "లోడుతో బాగానే పోతోంది" అంటారు. లోడు ఉంటే కమాన్ కట్ట (పట్టీల స్ప్రింగు) అణిగి బండి నిబ్బరంగా ఉంటుంది. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడే అదే గట్టి కట్ట చక్రాన్ని ఎగరేస్తుంది, టైరు చెడేదీ అప్పుడే. మోత కోసం అదనంగా పట్టీలు వేయించి ఉంటే ఈ ఎగురుడు ఇంకా ఎక్కువ.

విశాఖలో ఉప్పు గాలి సంగతి మరవకండి. సింధియా, మల్కాపురం వైపు రాత్రంతా నిలిపే బండ్లకు రాడ్ క్రోమ్ మీద తుప్పు పొక్కులొస్తాయి. ఆ పొక్కు ప్రతి ఊపుకీ సీలుని గీరుతుంది. అందుకే పైన డస్ట్ కవర్ చిరిగినా, సొట్టపడినా వదిలేయొద్దు. వాటర్ సర్వీసింగులో ప్రెషర్ గన్ నేరుగా సీలు మీద కొట్టనివ్వొద్దు.

కొత్తవి కొనేటప్పుడు పాతది పక్కన పెట్టి మూసినప్పటి, చాచినప్పటి పొడవు రెండూ సరిపోల్చండి. పొట్టిదైతే కన్ను (షాక్ చివర బోల్టు దూర్చే రింగు) తెగుతుంది. బిగించే ముందు నిలువుగా పట్టి నాలుగైదుసార్లు పూర్తిగా చాచి మూయండి, లోపలి గాలి పోతుంది. మధ్యలో ఎక్కడైనా పట్టు లేకుండా జారితే ఆ పీసు తిరిగిచ్చేయండి. బుష్‌లు (కన్నులో ఉండే రబ్బరు గొట్టాలు), వాషర్లు కొత్తవే వేయండి. నట్లు చివరి బిగింపు మాత్రం బండి నేల మీద నిలబడ్డాకే, మాన్యువల్లో ఉన్న టార్క్‌తో (బిగింపు బలంతో). ఇరుసు గాల్లో వేలాడుతుండగా బిగిస్తే బుష్ రబ్బరు మెలి తిరిగి ఉండిపోతుంది, త్వరగా చీలుతుంది. గాజువాక ఆటోనగర్‌లో పని చేయించినా ఈ ఒక్కటీ దగ్గరుండి చూసుకోండి.

అదే సమయంలో కమాన్ కట్టను ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు, పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు కూడా చూపించండి. మొదటి లోడు దింపాక యూ బోల్టులు మళ్లీ బిగించండి. గుంటలు పడ్డ పాత టైరు ముందు ఉంచితే కొత్త షాకులతో కూడా ఊగుతుంది. వెనక జతలో సమాన ఎత్తున్న టైరు పక్కకు మార్చేయండి.