12 మంది పనివాళ్లకి హెల్త్ ఇన్సూరెన్స్, డబ్బులు ఎక్కడ్నించి తేవాలి?

నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట నుంచి ఒకన్న అడిగారు: హోల్‌సేల్ కిరాణా షాపు, 12 మంది పనివాళ్లు, సంక్రాంతి ముందర మూటలు దించే కుర్రాడికి హెర్నియా ఆపరేషనైతే 45 వేలు గల్లాపెట్టెలోంచి తీసిచ్చా, ఇట్లా కుదరదు, అందరికీ గ్రూప్ పాలసీ చేయిద్దామనుకుంటున్నా, ప్రీమియంలో సగం జీతంలో కట్ చేసుకోవచ్చా అని.

అన్నా, గ్రూప్ పాలసీ తర్వాత, ముందు ఈఎస్‌ఐ, అదే ఉద్యోగులకి ఉండే ప్రభుత్వ బీమా, దాని సంగతి చూడండి. షాపులో 10 మంది ఉన్నారంటే అది మన ఇష్టం కాదు, చట్టం. నెలకి 21 వేల లోపు జీతం ఉన్న ప్రతి ఒక్కరికీ మీరు 3.25 శాతం కట్టాలి, వాళ్ల జీతంలోంచి 0.75 శాతం పట్టుకోవాలి, అంతే, మీ వాటా కూడా వాళ్ల మీద వేద్దామంటే ఒప్పుకోరు.

ఒక లెక్క వేద్దాం. జీతం 21 వేలు దాటిన గుమాస్తా, మేనేజరు పోను మిగతా 10 మందికి తలా 14 వేలనుకుంటే మొత్తం 1,40,000, దాని మీద మీ వాటా 4,550. ఒక్కో మనిషికి కట్ అయ్యేది 105 రూపాయలు. అంటే ఏడాదికి మీకు పడేది 54,600, ఆ ఒక్క హెర్నియాకి మీరిచ్చింది 45 వేలు కదా! పైగా ఇందులో భార్యాపిల్లలకి కూడా వైద్యం ఉంటుంది, రెస్టులో ఉన్నన్నాళ్లు ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది, కాకపోతే కొత్తగా చేరినోళ్లకి వెంటనే రాదు, కొన్ని నెలలు కంట్రిబ్యూషన్ పడాలి. మూటలు మోసేవాడికి ఆపరేషన్ ఖర్చు కన్నా ఇంట్లో పడుకున్న ఆ రెండు నెలలే గండం.

షాపుని భార్య పేరున ఒకటి, మీ పేరున ఒకటి చేసి ఆరుగురు ఆరుగురుగా చూపించమని ఎవరైనా సలహా ఇస్తే వినబాకండి. ఒకే గోడౌను, ఒకే గల్లా, చూడగానే తెలిసిపోద్ది, పాత బాకీ వడ్డీతో సహా కట్టిస్తారు. ప్రతి నెలా 15లోపు కట్టేయండి, లేటైతే 12 శాతం వడ్డీ.

ఇంక 21 వేలు దాటిన ఆ ఇద్దరు. ఇద్దరికి గ్రూప్ పాలసీ అంటే కంపెనీలు పెద్దగా ఇయ్యవు, మామూలుగా ఏడుగురన్నా ఉండాలంటారు, పైగా గ్రూప్ మీద 18 శాతం జీఎస్టీ ఉంది. వ్యక్తిగత పాలసీల మీద 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ తీసేశారు, కాబట్టి వాళ్ల పేరు మీదే ఫ్యామిలీ ఫ్లోటర్, అంటే ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ, తీసుకోమని సగం మీరివ్వండి, పని మానేసినా పాలసీ వాళ్లతోనే పోద్ది. అన్నట్టు ఓనరుకి ఈఎస్‌ఐ రాదు, మీకు పాలసీ ఉందో లేదో రాయనేలేదు.

ఆ 45 వేలు ఊరికే ఇచ్చారా, అడ్వాన్సు కింద రాసుకున్నారా? అడ్వాన్సయితే ఆ కుర్రాడికి ఇప్పటికే నెలనెలా కట్ అవుతుంటది, దాని మీద ఈ 105 కూడా పడుద్ది, ముందే కూర్చోబెట్టి చెప్పండి.