సుగ్గికి వెళ్తూనే పదో తరగతి పూర్తి చేయవచ్చా?

ప్రశ్న: మేడమ్, నమస్కారం. మాది కర్నూలు జిల్లా కోసిగి దగ్గర పల్లె. నా వయసు 20. ఎనిమిదో తరగతి మధ్యలో, సంక్రాంతి పండగ కాగానే అమ్మానాన్నలతో గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్లాను. మళ్లీ బడికి పోలేదు. ఇప్పటికీ ఏటా జనవరి నుంచి ఉగాది దాకా సుగ్గికే, అంటే వలస కూలి పనులకే. మా ఊరి పోస్టాఫీసులో ఒక అక్క పనిచేస్తుంది. అలాంటి ఉద్యోగం చేయాలని నా కోరిక. దానికి పదో తరగతి కావాలట. పరీక్షల సమయానికి మేము ఊళ్లో ఉండం. వెళ్లకపోతే ఇల్లు గడవదు. ఓపెన్ స్కూల్లో చదివితే ఉద్యోగానికి పనికిరాదని మమ్మల్ని కూలికి తీసుకెళ్లే మేస్త్రీ అంటున్నాడు. నిజమేనా? మా తమ్ముడికి 12 ఏళ్లు, వాడు కూడా ఇప్పుడు మాతోనే వస్తున్నాడు. ఇంకొక చిక్కు: నా పుట్టిన తేదీ బడి రికార్డులో ఒకటి, ఆధార్‌లో ఒకటి ఉంది.

జవాబు: ముందు మీ మేస్త్రీ మాట సంగతి తేల్చుకుందాం. ఆయన చెప్పింది తప్పు. ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే మన రాష్ట్ర ఓపెన్ స్కూల్, 1991 నుంచి ఉంది. దేశమంతటికీ వర్తించే జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ, అంటే ఎన్‌ఐఓఎస్, అంతకు రెండేళ్ల ముందే 1989లో మొదలైంది. రెండూ ప్రభుత్వం నెలకొల్పినవే. అవి ఇచ్చే పదో తరగతి సర్టిఫికెట్ బడిలో చదివినవారికి ఇచ్చే దానితో సమానం. ఇంటర్‌కు, ఐటీఐకి, ఉద్యోగ దరఖాస్తుకు చెల్లుతుంది. చేరడానికి 14 ఏళ్లు నిండితే చాలు, పైన వయోపరిమితి లేదు. ఎనిమిది, తొమ్మిది పాసై ఉండాలన్న నిబంధన కూడా లేదమ్మా. మధ్యలో పోయిన ఆ తరగతుల కోసం వెనక్కి వెళ్లనక్కర్లేదు, నేరుగా పదిలోనే చేరతారు.

మేస్త్రీకి ఆ అభిప్రాయం ఎలా వచ్చిందో ఊహించగలను. ‘గ్యారంటీ పాస్’, ‘పరీక్ష రాయకుండానే సర్టిఫికెట్’ అంటూ డబ్బు గుంజే దళారులు ఉన్నారు. నా దగ్గరకు వచ్చిన ఒక యువకుడు అలా కొన్న కాగితాన్ని ఉద్యోగ పరిశీలనలో చూపించి, ఉద్యోగమూ పోగొట్టుకుని, కేసులోనూ ఇరుక్కున్నాడు. అతని తల్లి ఆ కాగితం కోసం చెవి కమ్మలు అమ్మింది. ఆ కమ్మల సంగతి చెప్పేటప్పుడు ఆ అబ్బాయి తల ఎత్తలేదు. మీరు మాత్రం ప్రభుత్వ అధ్యయన కేంద్రంలోనో, అధికారిక వెబ్‌సైట్‌లోనో తప్ప ఎక్కడా ఒక్క రూపాయి కట్టవద్దు.

మీ ఉత్తరంలో ‘పరీక్షల సమయానికి మేము ఊళ్లో ఉండం’ అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మీ సమస్యంతా ఆ ఒక్క మాటలో ఉంది. చదువు రాకపోవడం కాదు, వయసు దాటిపోవడం కాదు. పంట క్యాలెండరుకూ పరీక్షల క్యాలెండరుకూ పొత్తు కుదరకపోవడమే మీ చదువును ఆపింది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు మండలాల్లో పనిచేసిన ఏ టీచరును అడిగినా చెబుతారు, సంక్రాంతి దాటగానే బెంచీలు ఖాళీ అవుతాయని. కాబట్టి మనం ముందు వెతకాల్సింది మీ సుగ్గికి అడ్డు రాని పరీక్షను.

అది ఉంది. ఎన్‌ఐఓఎస్ ఏడాదికి రెండుసార్లు పరీక్షలు పెడుతుంది: ఏప్రిల్–మేలో ఒకసారి, అక్టోబరు–నవంబరులో ఇంకోసారి. రెండోది మీకు సరిపోతుంది. అప్పటికి మీరు ఊళ్లోనే ఉంటారు, మిరప కోతలు ఇంకా దూరం. రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠం ప్రధాన పరీక్షలు మాత్రం ఈ మధ్య మార్చిలో జరుగుతున్నాయి. అంటే సరిగ్గా మీ చేతులు చేలో తీరిక లేకుండా ఉండే నెల. సప్లిమెంటరీ వేసవిలో వస్తుంది కానీ, మొదటిసారి రాసేవారు దాని మీదే ఆధారపడటం మంచిది కాదు. రాష్ట్ర విద్యాపీఠంలో ఫీజు తక్కువ, కేంద్రాలు దగ్గరగా ఉంటాయి, ఆదివారాలూ సెలవు రోజుల్లో తరగతులు నడుస్తాయి. ఆ సౌకర్యాలు చిన్నవేమీ కావు. అయినా మీ పరిస్థితిలో నా ఓటు ఎన్‌ఐఓఎస్‌కే. తెలుగు మాధ్యమంలోనే చదవవచ్చు, తెలుగులోనే రాయవచ్చు. సెప్టెంబరు తర్వాత మొదలయ్యే విడతలో చేరితే మొదటి పరీక్ష మరుసటి ఏడాది అక్టోబరులో వస్తుంది. చేరే ముందు మీకు అందుబాటులో ఉన్న అధ్యయన కేంద్రం ఏదో, పరీక్ష కేంద్రం ఎక్కడ పడుతుందో తప్పక తెలుసుకోండి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాలని లేదు. ఒకసారి నమోదు చేసుకుంటే అది 5 ఏళ్లు చెల్లుతుంది, ఆ గడువులో 9 సార్లు పరీక్ష రాసే అవకాశం ఉంటుంది. పాసైన సబ్జెక్టు పాసైనట్టే నిలిచి ఉంటుంది. మొదటి అక్టోబరులో తెలుగు, సాంఘికశాస్త్రం రాయండి. రెండో అక్టోబరులో సైన్సు, ఇంగ్లిషు, గణితం. గణితం బరువనిపిస్తే దాన్ని మూడో అక్టోబరుకు వదలండి. ఇరవై మూడేళ్లకు పది చేతికొచ్చినా ఏ నష్టమూ లేదు. అన్నీ ఒకేసారి రాసి, రెండు తప్పి, ‘నా వల్ల కాదు’ అని పుస్తకం మూసేసినవారిని చాలామందిని చూశాను. వాళ్లలో ఎక్కువమంది తెలివైనవాళ్లే.

నెమ్మదిగా రాయమనడానికి ఇంకో కారణం మీరు కోరుకున్న ఉద్యోగమే. గ్రామీణ డాక్ సేవక్ నియామకాలకు వేరే రాత పరీక్ష ఉండదు. పదో తరగతి మార్కులను బట్టే జాబితా తయారవుతుంది. ఎన్‌ఐఓఎస్‌లో 33 మార్కులకు పాస్ అవుతారు కానీ, 33తో ఆ జాబితాలోకి చేరలేరు. పోటీ చాలా ఎక్కువ, తొంభైల్లో మార్కులున్న పిల్లలు దరఖాస్తు చేస్తారు. అందుకని సబ్జెక్టులు విడదీసి, ఒక్కోదానికి ఎక్కువ సమయం ఇచ్చి, మార్కులు కూడబెట్టాలి. వయోపరిమితి 18 నుంచి 40 కాబట్టి తొందర లేదు. పదిలో గణితం, ఇంగ్లిషు పాసై ఉండాలి, స్థానిక భాష చదివి ఉండాలి, సైకిల్ తొక్కడం, కంప్యూటర్ వాడటం తెలిసి ఉండాలి. బ్రాంచి పోస్టుమాస్టరుకు మొదటి నెల భృతి 12,000 రూపాయల నుంచి, సహాయకులకు 10,000 నుంచి మొదలవుతుంది, పైన కరవు భత్యం.

ఓపెన్ స్కూల్లో సబ్జెక్టులు ఎంచుకునే వీలుంది కాబట్టి, ‘గణితం వదిలెయ్, గృహశాస్త్రం తీసుకో, సులువుగా గట్టెక్కుతావు’ అని చెప్పేవాళ్లు మీకు తప్పక ఎదురవుతారు. వాళ్ల మాట వినవద్దు. గణితం లేని పదితో మీరు కోరుకునే పోస్టు దొరకదు, పాలిటెక్నిక్ ప్రవేశానికి పెట్టే పాలిసెట్ రాయలేరు, చాలా ఐటీఐ కోర్సుల్లో చేరలేరు. పోస్టాఫీసు ఒక్కదాని మీదే ఆశలన్నీ పెట్టుకోకండి కూడా. మన రాష్ట్రంలో అంగన్‌వాడీ కార్యకర్త పోస్టుకు 21–35 ఏళ్ల మధ్య వయసున్న, పది పాసైన స్థానిక వివాహితలను తీసుకుంటారు. ఐటీఐ ఉంది, ఓపెన్ ఇంటర్ ఉంది. తలుపులు ఎన్ని తెరుచుకుంటాయన్నది ఆ గణితం పేపరును బట్టి ఉంటుంది.

చదవడం ఎలా? దీని గురించి నేను చూసింది ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట పల్నాడులో ఒక మిరప చేను పక్కన, పట్టాలు కప్పిన గుడారాల దగ్గర ఒక సాయంత్రం గడిపాను. పదికి కట్టిన ఒకామె పని దిగి వచ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుని, వేళ్లకు కొబ్బరినూనె రాసుకుని, అప్పుడు పుస్తకం తీసింది. ఎంత కడిగినా మిరప ఘాటు పోదట. పుస్తకం చదువుతూ మరిచిపోయి కన్ను నులుముకుంటే ఇక ఆ రాత్రికి చదువు లేనట్టే. ఆమె సాంఘికశాస్త్రం పుస్తకంలో ప్రతి పేజీ కింది మూలన నూనె మరక ఉంది. మరక లేని పేజీ దాకా వచ్చానంటే అక్కడి నుంచి కొత్త పాఠం అని లెక్క పెట్టుకునేది. ఆ సీజనులో ఆమె గణితం పుస్తకం మాత్రం తెచ్చుకోలేదు. ‘అడిగితే చెప్పేవాళ్లు ఇక్కడ ఎవరున్నారు?’ అంది.

ఆ పద్ధతినే మీరూ పాటించండి. గుడారానికి తీసుకెళ్లాల్సింది ఒంటరిగా చదువుకోగలిగినవి: తెలుగు, సాంఘికశాస్త్రం. రోజుకు రెండు పేజీలు చాలు, పొద్దంతా వంగి కాయలు కోసిన ఒంటికి అంతకన్నా బరువు పెట్టవద్దు. గణితం, ఇంగ్లిషు ఊళ్లో ఉన్న నెలలకు, అంటే ఉగాది నుంచి దసరా దాకా అట్టేపెట్టండి. అది కూడా పదో తరగతి పుస్తకంతో మొదలుపెట్టకండి. మీ ఊరి బడిలో ఆరు, ఏడు తరగతుల గణితం పుస్తకాలు అడిగి తెచ్చుకుని భిన్నాలు, శాతాలు, నిష్పత్తులు ముందు చేయండి. కోసిన కాయ తూకం వేసి కూలి లెక్క కట్టేటప్పుడు మీరు మనసులోనే చేసే గుణకారం ఉంది చూడండి, దాన్ని కాగితం మీద పెట్టడం నేర్చుకుంటే సగం భయం పోతుంది. దీక్షా యాప్‌లో పాఠాల వీడియోలు ఉన్నాయి. సిగ్నల్ ఉన్నప్పుడే ఫోనులోకి దించుకుని పెట్టుకోండి. ఎన్‌ఐఓఎస్‌లో ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు ఉంటాయి, వాటిని గడువులోగా రాసి ఇవ్వండి. చేతిలో ఉన్న ఆ మార్కులను వదులుకోవద్దు.

అమెరికాలో వ్యవసాయ వలస కూలీల కోసం ఇలాంటి పథకం ఒకటి 1967లో మొదలైంది. విశ్వవిద్యాలయాలు, స్వచ్ఛంద సంస్థలు కేంద్ర ప్రభుత్వ నిధులతో నడుపుతాయి. హైస్కూలుకు సమానమైన పరీక్షకు వాళ్లను సిద్ధం చేసి, ఆ తర్వాత ఉద్యోగానికో కాలేజీకో దారి చూపుతాయి. అందులో చేరాలంటే గడిచిన రెండేళ్లలో కనీసం 75 రోజులు తామో, తమ కుటుంబమో పొలాల్లో పనిచేసి ఉండాలి. చదువుకు అడ్డుపడిన పనే అక్కడ ప్రవేశానికి అర్హత. మన దగ్గర సుగ్గికి వెళ్లేవారి కోసమే రూపొందించిన పదో తరగతి ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. అది వచ్చేదాకా ఎన్‌ఐఓఎస్ అక్టోబరు పరీక్షను మనమే మన పనుల మధ్య అమర్చుకోవాలి.

మీ తమ్ముడి విషయంలో మాత్రం ఓపిక పట్టమని చెప్పలేను. వాడు ఈ జనవరిలో చేలోకి వెళ్లకూడదు. మీ చదువు ఆగిపోయింది కూడా ఇంచుమించు ఆ వయసులోనే కదా! తల్లిదండ్రులు వలస వెళ్లిన నెలల్లో పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి ప్రభుత్వ సమగ్ర శిక్ష పథకం కింద సీజనల్ హాస్టళ్లు నడుపుతారు. దసరా సెలవులు అయిన వెంటనే నాన్నగారిని వెంటబెట్టుకుని బడి ప్రధానోపాధ్యాయుణ్ని, మండల విద్యాధికారిని కలిసి వాడి పేరు రాయించండి. పండగ తర్వాత అడిగితే ఆలస్యమవుతుంది. ఒకవేళ చదువులో వెనకబడి ఉన్నా, 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని ప్రత్యేకంగా చదువు చెప్పాలి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకునేటప్పుడే, ఈసారి వాడి చేతులు లెక్కలో లేవని నాన్నగారు చెప్పేయాలి. తీసుకున్నాక చెబితే వినరు.

ఇక పుట్టిన తేదీ. దీన్ని చిన్న చిక్కుగా తీసుకోకండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఏ తేదీ పడుతుందో, ఆ తర్వాత ప్రతి ఉద్యోగానికీ అదే తేదీ. తర్వాత మార్పించుకోవడం చాలా కష్టం. చదివిన హైస్కూలుకు వెళ్లి టీసీ తీసుకోండి. అందులోని పేరు, అక్షరాల వరస, తండ్రి పేరు, తేదీ ఆధార్‌తో ఒక్కొక్కటిగా పోల్చి చూడండి. నిజమైన తేదీకి ఆధారంగా జనన ధ్రువీకరణ పత్రం ఉంటే దాన్ని, లేకపోతే ఏ పత్రం ఒప్పుకుంటారో ముందే అడిగి దాన్ని పట్టుకెళ్లి ఆధార్ కేంద్రంలో సరిచేయించుకోండి. ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం మామూలుగా ఒక్కసారే ఇస్తారు, కాబట్టి ఫారం నింపాక ఇంకొకరి చేత కూడా చదివించండి. ప్రవేశాలు సెప్టెంబరులో కాబట్టి ఈ పని శ్రావణం లోపే ముగించుకోండి.