ప్రచారాన్ని ఎదిరిస్తూ, మనిషిని పోగొట్టుకోకుండా

ప్రశ్న: మేం అన్నదమ్ములం చెరో పార్టీలో ఉన్నాం. అన్న ఫోనులో పంపే అబద్ధపు ప్రచారాన్ని ఖండిస్తే బంధం చెడుతోంది, ఊరుకుందామంటే మనసు ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: ఊరుకోవద్దు. 2018లో పిల్లలను ఎత్తుకెళ్లే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకార్లు ఫోన్లలో వ్యాపించినప్పుడు, జోగుళాంబ గద్వాల జిల్లా పోలీసులు ఊరూరా తిరిగి, డప్పులతో, పాటలతో జనానికి నిజం చెప్పారు. నమ్మినవారి భయం బిడ్డల మీది ప్రేమ నుంచి పుట్టింది కాబట్టి, వారిని మూర్ఖులని తూలనాడి ఉంటే ఆ భయం పోయేది కాదని నా నమ్మకం. మీ అన్నగారినీ నలుగురిలో నిలదీయకుండా, ఆ సందేశంలో ఆయనను కలవరపెట్టిందేమిటో విడిగా అడగండి. ఆధారాలు ఆ తర్వాత చూపండి.

ప్రతిఘటనకు మీ జిల్లాలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ స్థానానికి ఏకంగా 480 మంది బరిలో నిలిచారు. ఫ్లోరైడ్ నీటితో ఎముకలు వంగిపోయిన పల్లెల గోడు దేశానికి వినిపించాలన్నదే వారిలో అత్యధికుల ఉద్దేశం. బ్యాలెట్ పత్రం పుస్తకమంత కావలసి రావడంతో పోలింగే వాయిదా పడింది. ఆ నిరసన ఏ పొరుగువాడినీ శత్రువును చేయలేదు, ఎందుకంటే ఆ నీళ్లు అన్ని పార్టీలవాళ్లూ తాగినవే. అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచడం, నా దృష్టిలో, పేదల నిరసనకు దారిని ఇరుకు చేయడమే.

అయితే మీ అన్నగారి సందేశం ఒక కులం మీదికో మతం మీదికో జనాన్ని ఉసిగొల్పేదైతే మొహమాటపడకండి. అది ఇంకెవరికీ పంపవద్దని అందరి ముందే చెప్పండి.