బేస్ గిటార్‌ను మామూలు గిటార్ ఆంప్‌కు (శబ్దాన్ని పెంచే యాంప్లిఫైయర్‌కు) తగిలిస్తే ఆంప్ పాడవుతుందా?

గదిలో సాధన చేసుకునేంత తక్కువ వాల్యూమ్‌లో వాయిస్తే ఏమీ కాదు, కానీ డ్రమ్స్‌కు దీటుగా వినిపించేంత పెంచితే ఆంప్‌లోని స్పీకర్ దెబ్బతినే ప్రమాదం ఉంది.

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ సుమారు 41 హెర్ట్జ్ వద్ద పలుకుతుంది. మామూలు గిటార్‌లో లావు తీగ పలికేది 82 హెర్ట్జ్ వద్ద, అంటే ఒక స్థాయి (ఆక్టేవ్) పైన. పౌనఃపున్యం సగానికి తగ్గినప్పుడు అంతే శబ్దం రావాలంటే స్పీకర్ కోన్ (శబ్దం పుట్టించే గరాటు ఆకారపు పొర) నాలుగు రెట్ల దూరం ముందుకూ వెనక్కూ కదలాలి. గిటార్ స్పీకర్‌ను అంత కదలిక కోసం తయారు చేయరు.

ఉదాహరణకు, 8 అంగుళాల స్పీకర్ ఉన్న 15 వాట్ల ఆంప్‌లో వాల్యూమ్ బాగా పెంచి లావు తీగను మీటితే, జాలీ వెనుక కోన్ ఊగడం కంటికే కనిపిస్తుంది, స్వరం బదులు పటపటమనే చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినగానే వాల్యూమ్ తగ్గించాలి. అలాగే కొనసాగిస్తే కోన్ అంచు చిరగవచ్చు, లేదా వాయిస్ కాయిల్ (కోన్‌ను కదిలించే తీగ చుట్ట) అయస్కాంతానికి రాసుకుని చెడిపోవచ్చు.

బేస్ సిగ్నల్ ఆంప్ సర్క్యూట్‌ను కాల్చేస్తుందని చాలామంది అనుకుంటారు, అది అపోహ. సర్క్యూట్‌కు ఇబ్బంది లేదు, దెబ్బ తగిలేది స్పీకర్‌కే. బేస్ ఆంప్ స్పీకర్ ఎక్కువ కదలికను తట్టుకుంటుంది కాబట్టి, మామూలు గిటార్‌ను బేస్ ఆంప్‌కు తగిలించడం నిరపాయం. 1952లో బేస్ కోసమే వచ్చిన ఫెండర్ బేస్‌మ్యాన్ ఆంప్‌ను తర్వాతి కాలంలో గిటారిస్టులే ఎక్కువ ఇష్టపడ్డారు.